ఏ ఆటకి ఏ గుర్రం?

ఈ ఎపిసోడ్‌కి కారణం హైదరాబాద్ నుంచి ఒక తండ్రి పంపిన ప్రశ్న. "మా అమ్మాయికి 12 ఏళ్ళు. రెండేళ్ళుగా స్వారీ నేర్చుకుంటోంది, జంపింగ్ అంటే పిచ్చి. రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ ఒకటి చవగ్గా వస్తోంది. కొనమంటారా?"

చెప్తాను. ముందు జాతి సంగతి చూద్దాం. జాతి అంటే గొప్పా తక్కువా అని కాదండీ, ఆ గుర్రాన్ని తరతరాలుగా ఏ పనికోసం ఎంచుకుంటూ వచ్చారు అన్నదే జాతి. మలక్‌పేటలో పరిగెత్తే థరోబ్రెడ్‌నే తీసుకోండి. ఇంగ్లండ్‌కి తెచ్చిన బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు మగ గుర్రాల వంశం అది. దాదాపు 300 ఏళ్ళుగా దానికి పెట్టిన పరీక్ష ఒక్కటే, ఎవరు ముందు చేరతారు అని.

అదే గుర్రాన్ని 160 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్‌కి తీసుకెళ్తే అరబ్బీ గుర్రం ముందు నిలవడం కష్టం. అరబ్బీ ఒళ్ళు చిన్నది, చర్మం పల్చన, వేడి త్వరగా బయటికి పోతుంది. ఆ ఆటలో ఒక్కో దశ అయ్యాక వెట్ గుండె లెక్క చూస్తాడు. ఇచ్చిన టైములోపల నిమిషానికి 64కి దిగాలి, దిగకపోతే ఇంటికే. అంటే అక్కడ వేగం ఒక్కటే చాలదు, కోలుకోవడం కూడా ముఖ్యం.

డ్రెసాజ్, జంపింగ్‌లకి వచ్చేసరికి యూరప్ వార్మ్‌బ్లడ్‌లదే రాజ్యం. పేరు చూసి రక్తం వేడి అనుకోకండి! చురుకైన అరబ్బీ, థరోబ్రెడ్‌లకీ, బండ్లు లాగే నిదానపు గుర్రాలకీ మధ్యరకం అని అర్థం. వెనక కాళ్ళలో బలం, అడుగులో సాగుదల, చెప్పింది వినే బుర్ర. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెసాజ్ జట్టుకి స్వర్ణం వచ్చింది కదా, గుర్రపు స్వారీలో 41 ఏళ్ళ తర్వాత! ఆ పిల్లలు తయారైంది యూరప్‌లో, ఇలాంటి గుర్రాల మీదే.

మరి మన మార్వాడీ? చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. టెంట్ పెగ్గింగ్‌కి బాగుంటుంది. పెద్ద స్థాయి జంపింగ్‌కి మాత్రం దాన్ని ఎవరూ అలా పెంచలేదు.

అయితే జాతే అంతా కాదు. 1956లో అమెరికాలో హ్యారీ డి లేయర్ అనే ఆయన కబేళాకి పోతున్న లారీలోంచి 80 డాలర్లకి ఒక నాగలి గుర్రాన్ని కొన్నాడు. పొరుగాయనకి అమ్మేస్తే కంచెలు దూకి వెనక్కి వచ్చేసింది. స్నోమ్యాన్ అని పేరు. రెండేళ్ళలో జంపింగ్‌లో దేశం మొత్తానికి ఛాంపియన్.

ఇప్పుడు ఆ నాన్నగారికి జవాబు. థరోబ్రెడ్ జంప్ చేయగలదండీ, అందులో అనుమానం లేదు. ఇబ్బంది ఏంటంటే, రేసు గుర్రం కళ్ళేన్ని ఆనుకుని పరిగెత్తడం నేర్చుకుని ఉంటుంది. పిల్ల భయపడి కళ్ళెం గట్టిగా లాగిందనుకోండి, ఆగమంటోందని దానికి తెలియకపోవచ్చు, ఇంకా జోరు పెంచొచ్చు. ఆ అలవాటు మాన్పించడానికి అనుభవం ఉన్న రైడర్‌కే నెలలు పడుతుంది. రేసుల్లో అరిగిన కాళ్ళ స్నాయువులు, కీళ్ళు వేరే సంగతి. చవక బేరంలో వెట్ పరీక్ష, ఎక్స్‌రేల ఖర్చు కలిపి చూశారా?

నేనైతే ఇప్పుడు కొనను. పదేళ్ళు దాటి, జంపింగ్ చేసి చేసి విసుగెత్తిన గుర్రం ఏ జాతిదైనా సరే, దాన్ని క్లబ్బులో నెలవారీ తీసుకోండి. ఆ థరోబ్రెడ్ మీద మరీ మనసుపడితే, ముందు కోచ్‌ని ఆర్నెల్లు ఎక్కి చూడమనండి. ఆయన సరే అన్నాకే అమ్మాయిని ఎక్కించండి.