విరగని మీగడ: పాస్తా వంటలో రసాయన శాస్త్రం

గల్ఫ్ అరబ్బీ వాడుకలో ‘ఫరీజ్’ అంటే పేట. దోహా నగరం నడిబొడ్డున ఉన్న పాత పేటలలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ ఒకటి. అక్కడి అపార్టుమెంటులో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. గురువారం సాయంత్రం. మరునాడు సెలవు. బడి నుంచి వచ్చిన పిల్లలు క్రీము వేసిన చికెన్ పాస్తా కావాలని పట్టుబట్టారు. హోటలుకు వెళ్లే పని లేదు, ఇంట్లోనే చేస్తానని తల్లి మాట ఇచ్చింది. కోడిమాంసం చేతికి రాగానే, అలవాటు చొప్పున, పెరుగు, నిమ్మరసం, ఉప్పు, కారం పట్టించి గంటసేపు నానబెట్టింది. పాస్తా ఉడికించి, ఆ నీళ్లన్నీ సింకులో వార్చేసింది. మాంసం వేగుతుండగా క్రీము పోసి మంట పెంచింది. రెండు నిమిషాలలో క్రీము విరిగిపోయింది. తెల్లని పలుకులు ఒకవైపు, పలుచని నీరు మరొకవైపు, పైన తేలిన కొవ్వు. పిల్లలు పళ్లెం పక్కకు జరిపారు.

ఆశ్చర్యమేమంటే, అదే ఇల్లాలి చేతిలో మజ్జిగ పులుసు ఎన్నడూ విరగలేదు. పుల్లని మజ్జిగను మరిగించి కూడా విరగకుండా కాపాడగలిగిన చేయి, తియ్యని క్రీమును ఎందుకు కాపాడలేకపోయింది? ఈ ప్రశ్నకు సమాధానం ఆమె వంటింటిలోనే ఉన్నది. ఆమె సింకులో పారబోసిన నీటిలో సగం, తన తల్లి వద్ద నేర్చుకున్న మజ్జిగ పులుసులో సగం.

పాలు ఎందుకు విరుగుతాయి?

ఎడారి దేశంలో పాలు, క్రీము సులభంగా సమకూరే వస్తువులు కావు. 2017 జూన్ 5న పొరుగు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకొని సరిహద్దు మూసివేసినప్పుడు, సౌదీ అరేబియా నుంచి రోడ్డు మార్గాన వచ్చే పాల ఉత్పత్తులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ జూలైలో బలద్నా సంస్థ హోల్‌స్టీన్ జాతి ఆవులను విమానాలలో దోహాకు తెప్పించింది. ఆవులు ఆకాశమార్గాన దిగిన దేశంలో ఒక డబ్బా క్రీము వృథా కావడం ఎవరికైనా బాధాకరమే.

పాలలో ప్రధానమైన మాంసకృత్తి కేసీన్. అది విడి అణువులుగా కాక, వేలాది అణువులు గుమికూడిన సూక్ష్మమైన ఉండలుగా నీటిలో తేలియాడుతుంది. ఈ ఉండల ఉపరితలం మీద ఋణవిద్యుదావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశం గలవి ఒకదానినొకటి వికర్షించుకుంటాయి గనుక ఉండలు దగ్గరకు చేరవు. పాలు తెల్లగా, నిలకడగా ఉంటాయి. తాజా పాల పీహెచ్ విలువ సుమారు 6.7. అందులో ఆమ్లం చేరితే, ఆమ్లంలోని ధనావేశం గల హైడ్రోజన్ అయానులు కేసీన్ మీది ఋణావేశాన్ని క్రమంగా తుడిచివేస్తాయి. పీహెచ్ 4.6 వద్ద వికర్షణ పూర్తిగా సమసిపోయి, ఉండలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గది వేడిమిలో నెమ్మదిగా జరిగితే అది పెరుగు తోడుకోవడం. మరుగుతున్న పాలలో నిమ్మరసం పిండినప్పుడు హఠాత్తుగా జరిగితే అది పాలు విరగడం. వేడి ఈ చర్యను వేగిరపరుస్తుంది. కాబట్టి వేడిగా ఉన్నప్పుడు 4.6 దాకా దిగనవసరం లేకుండానే పాలు విరుగుతాయి.

ఇక మన కథలోని గిన్నెను చూడవచ్చు. పెరుగు, నిమ్మరసం పట్టించిన మాంసం ఆమ్లాన్ని మోసుకువచ్చింది. పెద్ద మంట వేడిని సమకూర్చింది. ఆపైన క్రీము ఎటువంటిదన్నది కూడా ముఖ్యమే. సుమారు 35 శాతం కొవ్వు ఉన్న చిక్కని క్రీములో మాంసకృత్తుల పాలు తక్కువ, కొవ్వు బిందువులు ఎక్కువ. అందుచేత అది వేడికీ, ఆమ్లానికీ బాగా ఓర్చుకుంటుంది. కొవ్వు తగ్గినకొద్దీ ఆ ఓర్పు తగ్గుతుంది. పాలు పోసి పొదుపు చేయాలనుకుంటే విరిగే ప్రమాదం మరింత ఎక్కువ.

శనగపిండి చెప్పే పాఠం

మజ్జిగ పులుసు పెట్టేవారు పుల్లని మజ్జిగలో ముందుగా కొద్దిగా శనగపిండి కలిపి, గడ్డలు లేకుండా చిలికి, సన్నని సెగ మీద కలియబెడుతూ కాస్తారు. శనగపిండి రుచి కోసమేనని చాలామంది అనుకుంటారు. దాని అసలు ఉద్యోగం వేరు. మజ్జిగలోని కేసీన్ అప్పటికే ఆమ్లం వల్ల సన్నని తునకలుగా పేరుకొని ఉంటుంది. పిండి లేకుండా కాస్తే ఆ తునకలు వేడికి ముడుచుకొని, తమలోని నీటిని వెలికి నెట్టి, పలుకులు కడతాయి. పిండి కలిస్తే, అందులోని పిండిపదార్థపు రేణువులు వేడికి నీరు పీల్చి ఉబ్బుతాయి. ద్రవం చిక్కబడుతుంది. చిక్కని ద్రవంలో కేసీన్ తునకలు స్వేచ్ఛగా కదలలేవు. ఒకదానినొకటి తాకే అవకాశం తగ్గుతుంది. సంతలో తప్పిపోయిన ఇద్దరు మిత్రులకు జనం అడ్డుపడినట్లు, పిండి రేణువులు వాటి నడుమ అడ్డునిలుస్తాయి.

ఫ్రెంచి వంటవారు వెన్నలో మైదా వేయించి పాలు పోసి చేసే తెల్లని సాసులో పనిచేసేది ఇదే సూత్రం. ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు కొందరు 2025లో ‘కాచో ఎ పేపే’ అనే రోమ్ నగరపు మిరియాల పాస్తా మీద ప్రయోగాలు చేసి, ఫలితాలను ‘ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్’ పత్రికలో ప్రచురించారు. చీజ్ బరువులో 2 నుంచి 3 శాతం పిండిపదార్థం ఉంటే సాసు నునుపుగా నిలిచింది. 1 శాతం కంటె తగ్గితే చీజ్ ముద్దకట్టింది. నవ్వించి, ఆపై ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి అదే సంవత్సరం వారికి లభించింది. మజ్జిగ పులుసుకు చిటికెడు కాక చెంచాడు శనగపిండి కావాలని చెప్పిన అమ్మమ్మలకు మాత్రం ఏ బహుమతీ రాలేదు.

సింకు పాలైన గంజి

పాస్తాను డ్యూరం అనే గట్టి జాతి గోధుమ రవ్వతో చేస్తారు. ఉప్మాకు వాడే బన్సీ రవ్వ కూడా ఈ జాతి గోధుమ నుంచి వచ్చేదే. ఈ రవ్వను నీటితో కలిపి బలంగా ఒత్తినప్పుడు గ్లూటెన్ అనే మాంసకృత్తులు వలవలె అల్లుకుంటాయి. పిండిపదార్థపు రేణువులు ఆ వలలో చిక్కుకొని ఉంటాయి. నీటిలో ఉడికేటప్పుడు, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే రేణువులు ఉబ్బడం మొదలవుతుంది. గ్లూటెన్ వల గట్టిగా ఉన్నందువల్ల పాస్తా జావ కాకుండా నిలుస్తుంది. అయినా పైపొరలోని పిండిపదార్థం కొంత, ముఖ్యంగా అమైలోజ్ అనే పొడవైన గొలుసు అణువులు, నీటిలోకి జారుకుంటాయి. ఆ తెల్లని మడ్డినీరు మరేదో కాదు, అచ్చమైన గంజి.

తెలుగువారికి గంజి విలువ చెప్పనక్కరలేదు. అన్నం వార్చిన గంజిని ఉప్పు వేసుకొని తాగారు. నూలు చీరలకు పెట్టారు. దారపు పోగును అంటిపెట్టుకొని పలుచని పొరగా ఆరే గుణమే, సాసును పాస్తాకు అంటిపెట్టుకొనేటట్లు చేస్తుంది. అంటే, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ వంటింటిలో సింకులోకి పోయినది, క్రీమును కాపాడవలసిన శనగపిండికి సాటివచ్చే పదార్థమే. వార్చేముందు ఒక గ్లాసు గంజి తీసి ఉంచితే చాలు. పాస్తాను తక్కువ నీటిలో ఉడికిస్తే గంజి చిక్కగా వస్తుంది. ఉడికే నీటిలో నూనె వేసే అలవాటు కొందరికి ఉన్నది. నూనె నీటి మీద తేలి, వార్చేటప్పుడు పాస్తాకు పూతపడి, సాసును జార్చివేస్తుంది. అంటుకోకుండా ఉండాలంటే మొదటి రెండు నిమిషాలు కలియబెట్టడమే ఉపాయం.

కోడిమాంసం సంగతి

ఈ వంటకు మాంసాన్ని పెరుగులో నానబెట్టడం మానుకోవాలి. ఉప్పు, మిరియాల పొడి పట్టించి అరగంట ఉంచితే సరిపోతుంది. ఉప్పు కండరాలలోని మాంసకృత్తులను కొంత కరిగించి, వేగేటప్పుడు రసం కారిపోకుండా పట్టి ఉంచుతుంది. గడ్డకట్టిన కోడిని వంటగది గట్టు మీద కాక, ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వాలి. కుళాయి కింద కడగడం శుభ్రతకు గుర్తని భావిస్తారు గాని, చిందే తుంపరలు సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ సూక్ష్మజీవులను గిన్నెల మీదికీ, కూరగాయల మీదికీ చేరుస్తాయి. వాటిని చంపేది నీరు కాదు, వేడి. ముక్క మధ్యభాగం 74 డిగ్రీలకు చేరాలి.

ముక్కలను కాగితపు తువాలుతో తడి అద్ది, వేడెక్కిన మూకుడులో దూరదూరంగా వేయాలి. తడి ఉన్నంతసేపు ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు. తడి ఆరి సుమారు 140 డిగ్రీలకు చేరినప్పుడు చక్కెరలు, అమినో ఆమ్లాలు కలిసి గోధుమరంగునూ, వేపుడు వాసననూ ఇస్తాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మైయార్ పేరుతోనే దీనిని పిలుస్తారు. మూకుడు అడుగున పట్టిన గోధుమరంగు పొరలోనే రుచి అంతా ఉన్నది. దానిని గీకి పారవేయక గంజితో కరిగించాలి.

రెండవ ప్రయత్నం

నలుగురికి 300 గ్రాముల పాస్తా, ఎముకలు లేని కోడిమాంసం 400 గ్రాములు, చిక్కని క్రీము 200 మిల్లీలీటర్లు, తురిమిన చీజ్ గుప్పెడు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొద్దిగా నూనె చాలు. రెండు లీటర్ల నీటిలో 15 గ్రాముల ఉప్పు వేసి పాస్తాను, పంటికి కొంచెం తగిలే పదునులో, పొట్లం మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే దించి, గ్లాసుడు గంజి తీసి ఉంచి వార్చాలి. ఈలోగా సన్నగా తరిగిన మాంసాన్ని వేయించి పక్కన పెట్టి, అదే మూకుడులో వెల్లుల్లి దోరగా వేపి, అరగ్లాసు గంజి పోసి అడుగును కరిగించాలి. మంట తగ్గించి, క్రీము పోసి, తెర్లనీయకుండా రెండు మూడు నిమిషాలు కలియబెట్టాలి. పాస్తా, మాంసం చేర్చి, మంట ఆపిన తరువాతనే చీజ్ కలపాలి. సాసు బిగిసినట్లు ఉంటే మరికొంచెం గంజి. పులుపు ఇష్టపడేవారు నిమ్మరసాన్ని పళ్లెంలో పిండుకోవాలే గాని మూకుడులో కాదు.

మిగిలిన పాస్తాకు చద్దన్నపు న్యాయం చెల్లదు

వంట కుదిరితే కొంత మిగులుతుంది, మరునాటికి దాచాలనిపిస్తుంది. అసలు జాగ్రత్త కావలసినది ఇక్కడే. గోధుమలోను, బియ్యంలోను బాసిలస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు సహజంగా ఉంటాయి. ఉడికించినా ఆ బీజాలు చావవు. ఉడికిన పదార్థం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, వృద్ధిచెంది, సెరులైడ్ అనే విషాన్ని తయారుచేస్తాయి. ఈ విషం 121 డిగ్రీల వేడికి కూడా చెడదు. కాబట్టి మళ్లీ వేడిచేస్తే సూక్ష్మజీవి చస్తుందేమో గాని, విషం అలాగే ఉంటుంది. 2008లో బెల్జియంలో 20 ఏళ్ల విద్యార్థి ఒకడు, వండి అయిదు రోజులు బయటే ఉంచిన స్పెగెటీని మైక్రోవేవ్‌లో వేడిచేసుకొని తిని, తెల్లవారేసరికి మృతిచెందాడు. ఆ పాస్తాలో ఈ సూక్ష్మజీవే ఉన్నట్లు 2011లో వైద్యపత్రిక ప్రకటించింది.

“మా తాతలు రాత్రి అన్నం పొద్దున తినలేదా?” అని ఎవరైనా అడగవచ్చు. తిన్నారు. కాని ఆ అన్నంలో నీరు, మజ్జిగ పోసి పులియనిచ్చారు. పులుపు పెరిగి పీహెచ్ 4.5 దాపులకు దిగిన చోట బాసిలస్ సెరియస్ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. చద్దన్నానికి కాపలా కాసినది ఆమ్లమే. క్రీము పాస్తాలో ఆ ఆమ్లం లేదు. విరగకూడదని బుద్ధిపూర్వకంగా తొలగించినదే. కావలివాడిని పంపివేసిన ఇంటికి తాళం వేయవలసినట్లు, ఆ పాస్తాకు చలి కావాలి. రెండు గంటలలోగా, లోతులేని డబ్బాలలో సర్ది, 5 డిగ్రీల కంటె తక్కువ చలిగల ఫ్రిజ్‌లో పెట్టాలి. దోహా వేసవిలో, 32 డిగ్రీలు దాటిన చోట, గడువు ఒక్క గంటే. కార్నిష్‌కు తీసుకువెళ్లి, కారులో మరచిపోయిన డబ్బాను తిరిగి ఇంటికి తేవడం కంటె పారవేయడమే మేలు.

ఒకే ఆమ్లం మూకుడులో శత్రువు, చద్దికుండలో రక్షకుడు. ఆ రెండు ముఖాలను గుర్తించి, ఒకచోట శనగపిండితో అదుపుచేసి, మరొకచోట మజ్జిగతో ఆహ్వానించిన వంటిళ్ల నుంచి వచ్చినవారికి ఇటలీ వంట పరాయిది కానక్కరలేదు. వచ్చే గురువారం ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో పాస్తా వండేటప్పుడు, మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకో పిల్లలను అడిగి చూడవచ్చు. సమాధానం వారి ముందున్న పళ్లెంలోనే దొరుకుతుంది.