మా ఇంటి బ్యాండుమేళం

శుక్రవారం సాయంత్రం అనగానే మీకేం గుర్తొస్తుంది? దీపం, పసుపు కుంకుమ, గుడి. నాకూ ఒకప్పుడు అంతే. ఇప్పుడు మాత్రం ఆగస్టు నెలాఖరు నుంచి నవంబరు దాకా శుక్రవారం వచ్చిందంటే నాలుగింటికల్లా దీపం పెట్టేసి, సూదీ దారం, పిన్నీసులు, నాలుగు జతల నల్ల మేజోళ్ళు సంచీలో వేసుకుని ఫుట్‌బాల్ మైదానానికి పరుగెడతాను. నవ్వకండి. ఆ ఆట నాకు ఈనాటికీ సరిగ్గా అర్థం కాదు. కోడిగుడ్డులాంటి బంతి కోసం అంతమంది ఒకరి మీద ఒకరు ఎందుకు పడతారో ఆ దేవుడికే తెలియాలి. నేను వెళ్ళేది ఆట సగంలో ఆగినప్పుడు మైదానంలోకి వచ్చే బ్యాండు కోసం. అందులో మా అమ్మాయి ట్రంపెట్ వాయిస్తుంది.

మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ పక్కన ఒక ఊళ్ళో. తెనాలిలో ఇంటర్ చదివి, పెళ్ళయి 2005లో ఇక్కడికి వచ్చాను. ఇక్కడ ఆరో తరగతిలోనే పిల్లలు ఏదో ఒక వాయిద్యం ఎంచుకుంటారు. మా అమ్మాయి ట్రంపెట్ అంది. ఆ సంగతి ఫోనులో చెబితే మా అత్తయ్యగారు, "బూర ఊదడానికా అమ్మా అంత దూరం వెళ్ళింది?" అన్నారు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? పెళ్ళి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైట్ల మధ్య వాయించే బ్యాండే నా కళ్ళ ముందు మెదిలింది.

తొమ్మిదో తరగతికి హైస్కూల్లో చేరాక గానీ అసలు సంగతి తెలియలేదు. బడి తెరవడానికి మూడు వారాల ముందే ఎండలో తర్ఫీదు మొదలు. టెక్సాస్ ఆగస్టంటే మన విజయవాడ మే నెల అనుకోండి. మైదానం మీద అయిదేసి గజాలకొక గీత ఉంటుంది. ఒక గీత నుంచి ఇంకో గీతకి సరిగ్గా ఎనిమిది అడుగుల్లో చేరాలి. అంటే అడుగుకి 22న్నర అంగుళాలు. తల దించి గీత చూసుకోకూడదు. మునివేళ్ళ మీద వెనక్కి నడవాలి, నడుస్తూనే ఊపిరి బిగబట్టి వాయించాలి, పక్కవాళ్ళని తగలకూడదు. ఇలా ఏడెనిమిది నిమిషాల పాటు రెండొందల మంది కదులుతుంటే పైనుంచి చూసేవాళ్ళకి ముగ్గు వేస్తున్నట్టే ఉంటుంది. ఒక్క చుక్క పక్కకి జరిగినా ముగ్గంతా తేడా వచ్చేస్తుంది, మీకు తెలియనిదేముంది!

తిండి సంగతి కూడా చెప్పాలి, ఎంతైనా మనం అడిగేది అదే కదా. మొదటి రోజు పొద్దున్నే పెద్ద గ్లాసుడు పాలు పట్టించి పంపాను. పదింటికి ఎండలో మొత్తం కక్కేసిందని ఫోనొచ్చింది. పాలు వద్దని కాగితంలో రాసి ఇచ్చారట, నేను చదవలేదు. అప్పటినుంచి అటుకుల పులిహోర, అరటిపండు, నిమ్మరసంలో ఉప్పు, కాస్త పంచదార కలిపిన నీళ్ళు. పెరుగన్నం ఇంటికొచ్చాకే.

ఈ బ్యాండు వెనకాల తల్లిదండ్రుల సంఘం ఒకటి ఉంటుంది. మైదానంలో తినుబండారాల కొట్టు నడపడం, బస్సుల్లో పిల్లలకి తోడు వెళ్ళడం, పెద్ద వాయిద్యాలు లారీలోకి ఎక్కించడం, డబ్బు పోగుచెయ్యడం అంతా వాళ్ళే. మా వాళ్ళు ఒకసారి బడి వ్యాయామశాలలో పరుపులు కూడా అమ్మారు! ఇంగ్లీషు భయంతో నేను రెండు నెలలు ఆ దరిదాపులకే పోలేదు. కారులోనే కూర్చుని అమ్మాయి కోసం చూసేదాన్ని. ఒకరోజు ఒకావిడ కారు అద్దం తట్టి, "నీకు కుట్టడం వచ్చా?" అని అడిగింది. రాకపోవడమేమిటి! మహిళా మండలిలో ఆరు నెలలు నేర్చుకున్నాను. ఆవిడ వెనకాలే వెళితే గదినిండా ప్యాంట్లు. ప్రతి ఏడాదీ కొత్త పిల్లకి కొత్త కొలత. గుడ్డ కత్తిరించకూడదు, మడిచి చేత్తో వదులుగా కుట్టాలి, వచ్చే ఏడు విప్పుకోవడానికి వీలుగా. చిన్నప్పుడు మా అమ్మ పట్టు పరికిణీకి టక్కులు పట్టినట్టే. సాయంత్రానికి పదిహేడు పూర్తిచేశాను. ఆ తర్వాత టోపీలో జుట్టు ఇమడక ఆడపిల్లలు అవస్థ పడుతుంటే జడలు వేసి పైకి చుట్టడం కూడా నా పనే అయింది. జడ వెయ్యడానికి ఇంగ్లీషెందుకు చెప్పండి?

ఆడపిల్లలంటే గుర్తొచ్చింది. పేరున్న ఓహయో స్టేట్ విశ్వవిద్యాలయం బ్యాండులో 1973 దాకా ఆడపిల్లల్ని వాయించనివ్వలేదట. ప్రభుత్వ సాయం తీసుకునే చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదని 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చాకే తలుపు తెరిచారు. ఇక్కడ అంతా మొదటినుంచీ సమానమే అనుకునేదాన్ని.

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా వచ్చింది అసలు కష్టం. టెక్సాస్‌లో 1984 నుంచి ఒక చట్టం ఉంది. ఏ సబ్జెక్టులో అయినా 70 మార్కులు రాకపోతే మూడు వారాలు ఆటల్లోగానీ బ్యాండు పోటీల్లోగానీ పాల్గొనకూడదు. సాధన మాత్రం చేసుకోవచ్చు. మా పిల్లకి కెమిస్ట్రీలో 66 వచ్చాయి. అక్టోబరు పోటీకి సరిగ్గా పది రోజుల ముందు! మావారు, "ఇంక బూర మూసెయ్. పొద్దస్తమానం మైదానంలో ఉంటే చదువెక్కడినుంచి వస్తుంది?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకూ కోపం వచ్చింది. కానీ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఇంటర్లో నేను త్రోబాల్ ఆడేదాన్ని. జిల్లా పోటీలకి ఎంపికైతే, రాత్రి వేరే ఊళ్ళో ఉండాలని నాన్నగారు పంపలేదు. ఆ సంగతి పాతికేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి లేచి కూర్చుని మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటినుంచి పొద్దున్నే అయిదింటికి లేచి ఆయనే కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టారు.

పోటీ రోజున పిల్ల రానంది. గది తలుపేసుకుంది. నేను జడలు వేస్తానని మాటిచ్చాను గనక బయల్దేరాను. కారు తియ్యబోతుంటే వచ్చి పక్కన కూర్చుంది. స్టాండ్స్‌లో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చూశాం. దాని చోట ఇంకొకరిని పెట్టడానికి వ్యవధి లేక ఖాళీగానే వదిలేశారు. ట్రంపెట్ల వరస కదిలిన ప్రతిసారీ ఆ ఖాళీ కూడా వాళ్ళతో కదిలింది. పిల్ల చెయ్యి నా చేతిలోనే ఉంది. ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. నవంబరులో మార్కులు 78కి వచ్చాయి. అప్పటికి పోటీలు అయిపోయాయి, ఆఖరి రెండు ఆటలకి మాత్రం వాయించింది.

కిందటేడు దసరాకి అత్తయ్యగారు వచ్చారు. శాలువా కప్పి, చెవులకి మఫ్లరు చుట్టి ఆటకి తీసుకెళ్ళాను. బ్యాండు మైదానంలోకి రాగానే, "ఇంతమందిలో మన పిల్లేదే?" అన్నారు. అందరిదీ ఒకే దుస్తు, ఒకే టోపీ. నలభై గజాల గీత దగ్గర వెనక్కి నడుస్తున్నదాన్ని చూపించాను. "అయ్యో, వెనక్కి నడుస్తోందేమే, పడుతుందేమో!" అని నా భుజం గట్టిగా పట్టుకున్నారు. వాయించడం అయ్యేదాకా వదల్లేదు. ఇప్పుడు తెనాలినుంచి ప్రతి శనివారం ఫోను చేసి, "నిన్న బూర ఎలా ఊదింది?" అని ముందు అదే అడుగుతారు.

అమ్మాయికి ఇది హైస్కూల్లో ఆఖరి ఏడు. వచ్చే శుక్రవారం ఆట పక్క ఊళ్ళో. ఇంకా తొమ్మిది ప్యాంట్లు మడత కుట్టాల్సి ఉంది. వస్తాను మరి.