పాత ట్రాక్టర్ ఆయిల్ కారుతుంటే: ముందు చుక్కల లెక్క, తర్వాతే పానా

ఇరవై చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. ఇంజన్ ఆయిల్‌కు కొంచెం అటూఇటూగా ఇదే లెక్క. నిమిషానికి ఒక్క చుక్క చొప్పున రాత్రీపగలూ కారితే రోజుకు 1,440 చుక్కలు, అంటే 72 మి.లీ. నెల తిరిగేసరికి రెండు లీటర్ల పైచిలుకు. 35-40 హార్స్‌పవర్ మూడు సిలిండర్ల పాత ట్రాక్టర్ చాంబర్‌లో పట్టేదే ఆరేడు లీటర్లు. వింటే గుండె గుభేలుమంటుంది గానీ, చాలా లీకులు ఇంజన్ తిరిగినంతసేపే కారతాయి, ఆపిన కాసేపటికి నెమ్మదిస్తాయి. అందుకే లెక్క రోజుకు కాదు, పని చేసిన గంటకు వేసుకోవాలి.

నేల మీద మరకను చూసి మాత్రం ఎప్పుడూ లెక్క కట్టొద్దు. ఒక్క మిల్లీలీటరు ఆయిల్ 0.05 మి.మీ. మందాన పరుచుకుంటే 200 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. దాదాపు రెండు అరచేతులంత మరక! అంత నల్లగా కనబడితే ఎవరికైనా కంగారే. పోయింది మాత్రం ఇరవై చుక్కలు.

కొలిచే పద్ధతి సులువే. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, రోజూ నిలిపే చదును చోటే గేజీ పుల్ల తీసి తుడిచి, మళ్ళీ పెట్టి చూడాలి. పై గీత దాకా ఆయిల్ పోసి, మీటరులో గంటలు రాసుకోవాలి. యాభై గంటల పని తర్వాత అదే చోట, అదే గీత దాకా కొలజాడీతో పోయాలి. ఎంత పట్టిందో అంత పోయినట్టు. ఒక లీటరు పట్టిందనుకుందాం, గంటకు 20 మి.లీ. అయితే ఇదంతా లీకు ఖాతాలో రాయకూడదు. ఏ డీజిల్ ఇంజన్ అయినా కొంత ఆయిల్ కాల్చుకుంటుంది. తాగే డీజిల్‌లో 0.2 శాతం కాల్చినా, గంటకు నాలుగు లీటర్లు తాగే బండికి అది 8 మి.లీ. ఆయిల్ మార్పిడి నుంచి మార్పిడికి 250 గంటలనుకుంటే రెండు లీటర్లు, అదీ ఒక్క చుక్క కింద పడకుండానే. అరిగిన ఇంజనైతే ఇంకా ఎక్కువే. 20లో ఆ 8 పోగా మిగిలిన 12 మి.లీ. అసలు లీకు: నిమిషానికి నాలుగు చుక్కలు.

దీన్ని రూపాయల్లోకి మారుద్దాం. ఏడాదికి 500 గంటల పని, లీటరు ఆయిల్ 350 రూపాయలు అనుకుంటే, లీకైపోయేది ఆరు లీటర్లు, 2,100 రూపాయలు. ఆ లీకు 150 రూపాయల ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గరైతే 36 గంటల పనిలోనే ఖర్చు తిరిగొస్తుంది. ఎందుకు ఆగడం? అదే క్రాంక్ వెనక సీలు దగ్గరైతే ట్రాక్టర్‌ను నడిమికి విడదీయాలి. కూలీ, సామాన్లు కలిపి 8,000 అయ్యాయంటే తిరిగి రావడానికి నాలుగేళ్ళకు దగ్గర. (ఇవన్నీ లెక్క కోసం అనుకున్న ధరలు, మీ ఊరి ధరలు వేసుకోండి.) నా మటుకు నేను, క్లచ్ ప్లేటు మార్చే రోజు దాకా ఆ సీలును వాయిదా వేయమంటాను. ఎలాగూ అప్పుడు బండిని విడదీస్తారు, కూలీ ఒక్కసారే.

వెనక సీలు కారుతోందో లేదో తెలుసుకోవడానికి చాలా ట్రాక్టర్లలో క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న చిల్లు ఉంటుంది, అందులో ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతుంటుంది. బండి కదిలినప్పుడల్లా ఆ పిన్ను ఊగి, చిల్లు బురదతో పూడుకోకుండా చూస్తుంది. దాని కొసన వేలాడే చుక్కను వేలి మీదికి తీసుకుని చూడండి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, వెనక సీలు పోయినట్టు. తేనె రంగులో, ముక్కుకు ఘాటుగా తగిలితే గేర్ ఆయిల్, అది గేర్‌బాక్స్ షాఫ్టు సీలు పని. చుక్కలు పడుతున్నాయని ఆ చిల్లుకు బిరడా కొట్టేవాళ్ళున్నారు. నేల శుభ్రంగానే ఉంటుంది, లోపల నిండిన ఆయిల్ క్లచ్ ప్లేటును నానబెడుతుంది. క్లచ్ జారడం మొదలైతే పైన చెప్పిన నాలుగేళ్ళ లెక్క చెల్లదు, వెంటనే విప్పాల్సిందే.

మిగతా లీకుల్లో చుక్క పడే చోటు వేరు, పుట్టే చోటు వేరు. ఆయిల్ పైనుంచి కిందికి దిగుతుంది, ఫ్యాను గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. దమ్ము చేసిన బండికైతే ఆయిల్, బురద కలిసి వేలెడు మందాన అట్టకట్టి ఉంటాయి. ముందు డీజిల్, బ్రష్షుతో కడిగి, ఆరనిచ్చి, అనుమానం ఉన్నచోటల్లా ముగ్గుపిండి చల్లాలి. ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా సుమా. పావుగంట ఇంజన్ నడిపితే తెల్లటి పిండి మీద తడి గీత ఎక్కడ మొదలైందో కనబడుతుంది. వెతుకులాట ఎప్పుడూ పైనుంచే: ట్యాపెట్ కవర్, ఫిల్టర్ రింగు, టైమింగ్ కవర్, చివరికి చాంబర్.

సీలు మార్చినా ఆర్నెల్లకే మళ్ళీ కారుతోందంటే సీలును తిట్టుకుని లాభం లేదు. చాలాసార్లు తప్పు లోపలి గాలిది. 2,400 సీసీ ఇంజన్ 2,000 ఆర్‌పీఎం మీద తిరిగితే నిమిషానికి 2,400 లీటర్ల గాలి పీలుస్తుంది. రింగులు అరిగి అందులో నూటికి ఒక వంతు పిస్టన్ పక్కలనుంచి కిందికి జారినా, నిమిషానికి 24 లీటర్లు చాంబర్‌లోకి చేరుతుంది. దానికి దారి బ్రీదర్ గొట్టం ఒక్కటే. అది దుమ్ముతోనో మట్టిపురుగు గూటితోనో మూసుకుపోయిందా, ఇక దొరికిన ప్రతి సందూ దారే. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.05 కేజీ అంటే ఏమంత కాదనిపిస్తుంది. కానీ 20 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. పొడవు ఉన్న చాంబర్ మీద అది 50 కేజీల తోపు, యూరియా బస్తా కంటే అయిదు కేజీలు ఎక్కువ.

దీన్ని కొలవడానికి తాపీమేస్త్రీ లెవెల్ చూసే పైపు చాలు. ఆయిల్ పోసే మూత స్థానంలో చిల్లున్న రబ్బరు బిరడా బిగించి, పైపు ఒక కొస అందులో దూర్చాలి. పైపును యూ ఆకారంలో వేలాడదీసి సగం నీళ్ళు పోసి, ఇంజన్ నడపాలి. నీళ్ళు రెండు వైపులా దాదాపు సమంగా, నాలుగైదు సెంటీమీటర్ల తేడాలో ఉంటే భయం లేదు. ఇందాక చెప్పిన 0.05 కేజీ అంటే ఆ తేడా అర మీటరు! ముందు బ్రీదర్ విప్పి డీజిల్‌లో కడిగి మళ్ళీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఖర్చు రింగుల మీద పెట్టాలి, ప్యాకింగుల మీద కాదు.

గేజీ పుల్ల మీద మట్టం తగ్గకపోగా పెరుగుతుంటే డీజిల్ కలుస్తోందేమో చూడాలి. పలచబడిన ఆయిల్ ఏ సీలు దగ్గరా నిలవదు.

బిగింపు దగ్గర మనవాళ్ళకు బలం ఎక్కువ. 13 నంబరు పానా పట్టే చాంబర్ బోల్టుకు 2 కేజీ-మీటర్లు దాటకూడదు, అంటే పావు మీటరు పానా కొసన 8 కేజీల బలం. అంతకు మించితే రేకు అంచు బోల్టు దగ్గర లోపలికి వంగి, రెండు బోల్టుల మధ్య సందు లేస్తుంది. కార్కు ప్యాకింగైతే ఇందులో సగమే. ముందు పుల్లీ సీలు మార్చేటప్పుడు పుల్లీ మెడ మీద గోరు నడిపి చూడండి. గాడి తగిలితే కొత్త సీలును రెండు మిల్లీమీటర్లు పక్కకు కూర్చోబెట్టాలి, లేదంటే మెడకు స్లీవు వేయించాలి.

రెండు లీకులకు మాత్రం రూపాయల లెక్క వర్తించదు. ఒకటి, ట్యాపెట్ కవర్ నుంచి సైలెన్సర్ మ్యానిఫోల్డ్ మీద పడేది. ఇంజన్ ఆయిల్ ఆవిరి 220 డిగ్రీల దగ్గర రవ్వ తగిలితే నిప్పందుకుంటుంది, లోడు మీద మ్యానిఫోల్డ్ అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది. వరి నూర్పిడి కళ్ళంలో చుట్టూ ఉండేది ఎండుగడ్డి. రెండోది ఆయిల్ ప్రెషర్ గేజీకి వెళ్ళే సన్నపు గొట్టం. 3 కేజీల ఒత్తిడి మీద ఒక మిల్లీమీటరు చిల్లు పడితే నిమిషానికి అర లీటరు పైనే చిమ్ముతుంది. సూది పడిపోయిన క్షణమే, సాలు మధ్యలో ఉన్నా సరే, ఇంజన్ ఆపేయాలి. ఆ గొట్టానికి అతుకులు పనికిరావు. గొట్టం, దాని రాగి వాషర్లు కొత్తవే వేయాలి.