కొత్త ల్యాప్‌టాప్ స్క్రీన్ ఉండుండి ఆరిపోతోందా? సర్వీస్ సెంటర్‌కి బయలుదేరే ముందు ఇవి చూడండి

స్క్రీన్ పూర్తిగా పోతే గొడవే లేదు, తీసుకెళ్లి చూపిస్తే చాలు. అసలు తలనొప్పి ఉండుండి వచ్చే ఫాల్ట్‌తోనే. ఇంట్లో రోజుకు నాలుగుసార్లు మినుకుమంటుంది, ఇంజనీర్ ముందు పెట్టగానే బుద్ధిగా వెలుగుతుంది. జాబ్ షీట్ మీద ‘ప్రాబ్లమ్ కనిపించలేదు’ అని రాసి వెనక్కి ఇచ్చేస్తారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇంకోసారి వెళ్లొస్తారు. అదే వనపర్తి జిల్లా పెద్దమందడిలో ఉండే స్టూడెంట్ అయితే? ముందు వనపర్తి, అక్కడ కుదరకపోతే మహబూబ్‌నగర్, అదీ కాదంటే దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్. ఈలోపు ఆన్‌లైన్‌లో కొన్న ల్యాప్‌టాప్‌కి రీప్లేస్‌మెంట్ గడువు కాస్తా అయిపోతుంది. అందుకే తప్పు ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకుని, ప్రూఫ్‌తో వెళ్లాలి.

మినుకుమన్న ప్రతిసారీ ఫోన్‌లో వీడియో తీయండి. అడుగున ఉన్న సీరియల్ నంబర్ కూడా అదే వీడియోలో పడాలి. కెమెరాలో మాత్రమే కదిలే చారలు కనిపిస్తే కంగారు పడకండి, బ్యాక్‌లైట్ వెలిగే తీరు వల్ల మంచి స్క్రీన్‌కి కూడా అలా వస్తుంది. కంటికి కనిపించేదే లెక్క.

చార్జర్ తీసిన క్షణంలో ఒక్కసారి నల్లబడి మళ్లీ వస్తోందా? అది చాలాసార్లు ఫాల్టే కాదు, రిఫ్రెష్ రేట్ 120 నుంచి 60 హెర్ట్జ్‌కి మారుతోందంతే. బ్యాటరీ మీద ఉన్నప్పుడే మినుకుమంటుంటే, ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ‘ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్’ ఆఫ్ చేసి చూడండి. బొమ్మ కదలనప్పుడు ప్యానెల్ తన మెమరీలోంచే దాన్ని చూపించి పవర్ ఆదా చేసే ఫీచర్ ఇది. కొన్ని ప్యానెళ్లతో దీనికి సరిగ్గా పొసగదు.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మిగతాదంతా అదురుతూ టాస్క్ మేనేజర్ మాత్రం నిలకడగా ఉంటే ఏదో యాప్ పని. అదీ అదిరితే డ్రైవర్ కావచ్చు, హార్డ్‌వేర్ కూడా కావచ్చు. అది తేల్చడానికి రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లి అరగంట అలాగే వదిలేయండి. అక్కడ విండోస్ డ్రైవర్ పనిచేయదు కాబట్టి, అక్కడా మినుకుమంటే హార్డ్‌వేరే. మినుకుమనకపోతే మాత్రం హార్డ్‌వేర్ బాగున్నట్టు కాదు, ఇంకా తేలలేదనే అర్థం. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలపడం ఇంకో మంచి టెస్ట్. టీవీ మీదా అదే తేడా వస్తే గ్రాఫిక్స్ చిప్ లేదా డ్రైవర్ మీద అనుమానం. టీవీ బాగుండి ల్యాప్‌టాప్ స్క్రీన్ ఒక్కటే ఆరితే ప్యానెల్ లేదా దాని కేబుల్.

నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చే టెస్ట్ మూతది. బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి మూతను నెమ్మదిగా తెరుస్తూ, మూస్తూ చూడండి. ఒకే కోణం దగ్గర ప్రతిసారీ మినుకుమంటే అనుమానం కీలు గుండా వెళ్లే కేబుల్ మీదే. ఇది చవక ల్యాప్‌టాప్‌ల జబ్బు అనుకోకండి. 2016లో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలో మూత తెరిచి మూసినప్పుడల్లా సన్నటి బ్యాక్‌లైట్ కేబుల్ రాసుకుని అరిగిపోయేది. మొదట స్క్రీన్ కింది అంచున నాటకం స్టేజీ లైట్లలా వెలుగు మచ్చలు కనిపించేవి, తర్వాత మూత కొంత తెరిచేసరికే మొత్తం నల్లబడేది. 2019 జనవరిలో ఐఫిక్సిట్ దీన్ని బయటపెట్టింది. 2018 మోడల్‌లో అదే కేబుల్ 2 మిల్లీమీటర్లు పొడవుగా ఉందని కూడా చూపించింది. అంత చిన్న తేడా! 2019 మేలో యాపిల్ 13 అంగుళాల 2016 మోడళ్లకు ఉచిత రిపేర్ ప్రకటించింది. 15 అంగుళాలవి కొన్నవాళ్లకు అదీ దక్కలేదు.

వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్‌ని బయటి షాపులో విప్పించొద్దు. మీది ఆన్‌సైట్ వారంటీనో కాదో బిల్లు పక్కన పెట్టుకుని చెక్ చేయండి. ఆన్‌సైట్ అయితే మీ పిన్‌కోడ్ చెప్పి ఇంజనీర్‌ని ఇంటికే రమ్మనొచ్చు. సెంటర్‌కే వెళ్లాల్సి వస్తే ‘ఫలానా కోణంలో ఆరుతోంది, వీడియో చూపించాం’ అని జాబ్ షీట్ మీద రాయించాకే ల్యాప్‌టాప్ చేతికివ్వండి. అయినా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా, మీరు ఉండే చోటు ఏ జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుందో అక్కడే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.