కుక్కపిల్లకో క్యాలెండరు

రా తల్లీ, ఇలా నా పక్కన కూర్చో. ఆ బుజ్జిదాన్ని కూడా ఒళ్ళో పెట్టుకో. పొద్దున నువ్వడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "తాతయ్యా, దీనికి జబ్బేమీ లేదుగా, మరి డాక్టరు దగ్గరికెందుకు? ఎన్నిసార్లు తీసుకెళ్ళాలి?" అన్నావు. జవాబు చెప్పాలంటే ముందు దీని వయసు లెక్కపెట్టాలి. రేపటికి 45 రోజులు. అంటే ఆరు వారాలు దాటింది. సరిగ్గా వేళకే అడిగావు.

మొన్న పాలాయన ముర్రుపాలు తెచ్చిస్తే మీ నానమ్మ జున్ను వండింది, గుర్తుందా? గేదె ఈనగానే వచ్చే ఆ చిక్కటి పాలలో, దూడను జబ్బుల నుంచి కాపాడే యాంటీబాడీలు ఉంటాయి. కుక్కతల్లి కూడా అంతే. పుట్టిన మొదటి రోజున తాగించే ముర్రుపాలతోనే తన ఒంట్లోని రక్షణను పిల్లలకు పంచిపెడుతుంది. కానీ అది అరువు సొమ్ము. వారాలు గడిచేకొద్దీ తరిగిపోతుంది.

ఇక్కడే ఓ చిక్కుంది. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు నిండుగా ఉండగా టీకా వేస్తే, అవి టీకా మందును అక్కడికక్కడే అడ్డుకుంటాయి. జబ్బుతో పోరాడడం పిల్ల ఒంటికి సొంతంగా అలవడదు. పోనీ అవి పూర్తిగా పోయేదాకా ఆగుదామా అంటే, ఆ మధ్యలో పార్వో వచ్చి పడుతుంది. 1978లో దేశదేశాలకూ పాకిన వైరస్ అది. వాంతులు, నెత్తురు విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీస్తుంది. నేలమీద నెలల తరబడి చావకుండా ఉంటుంది. పైగా తల్లి రక్షణ ఎప్పుడు తరిగిపోతుందో పైకి తెలియదు, ఒకే ఈత పిల్లల్లో కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. మొదటిది పట్టకపోయినా తర్వాతిది పడుతుందని. ఒక సూది వేయించి ఇక చాలనుకోవడం ఎందుకు ప్రమాదమో తెలిసిందిగా?

మూడు నెలలకు రేబిస్ టీకా. ఏడాదికి మళ్ళీ, ఆపైన ఏటేటా. ఈ సూది దీనికోసమే కాదు, నీకోసం కూడా. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు తన టీకా వేయించి బతికించాడు. అందుకే జూలై 6ను జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినంగా జరుపుతారు. ఆ రోజున మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. అడ్డుకునే మందు దొరికి సుమారు 140 ఏళ్ళయినా ఇంకా మన పల్లెల్లో దానితో మనుషులు పోతున్నారంటే, నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక కడుపులో పురుగులు. ఏలికపాములు ఈ పిల్ల పుట్టకముందే, తల్లి కడుపులో ఉండగానే దీని ఒంట్లో చేరి ఉండొచ్చు. తల్లిపాలతోనూ వస్తాయి. వాటి గుడ్లు మట్టిలో కలిసి, చేతుల మీదుగా మీలాంటి పిల్లల కడుపులోకీ పోతాయి. అందుకే పురుగుల మందు మొదట్లో రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి డాక్టరు తూకం చూసి ఇస్తారు. దీంతో ఆడుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమని నేను వెంటపడేది ఇందుకే.

పెద్దదయ్యాక? ఏ జబ్బూ లేకపోయినా ఏడాదికోసారి. "అన్ని రోజులకా!" అని నువ్వనుకోవచ్చు కానీ, దానికి అవి ఎన్ని రోజులో చూడు. పశువైద్యులు మామూలుగా చెప్పే లెక్క ప్రకారం, మధ్యరకం కుక్కకు మొదటి ఏడాది మన 15 ఏళ్ళతో సమానం. రెండో ఏడు ఇంకో తొమ్మిది. ఆపైన ప్రతి ఏడూ సుమారు అయిదేళ్ళు. నీ గోడమీద ఒక క్యాలెండరు మారేలోగా దానికి అయిదు మారిపోతాయి. ఏడెనిమిదేళ్ళు దాటితే ఆరు నెలలకోసారి చూపించాలి. లాబ్రడార్ లాంటి పెద్ద జాతులు ఇంకా ముందే ముసలివవుతాయి.

దీనికి తోడు అవి నొప్పిని దాచుకుంటాయి. పిల్లులైతే మరీను. మూత్రపిండాల సంగతే చూడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగినట్టు తేలేసరికి, నెత్తురును వడకట్టే ఆ జల్లెడలో ముప్పావు వంతు అప్పటికే పాడై ఉంటుంది. అందుకే ప్రతిసారీ తూకం, రక్తం, మూత్రం చూసి రాసిపెట్టుకుంటే, కొద్దిపాటి తేడా ముందుగా దొరుకుతుంది.

మీ నాన్న చిన్నప్పుడు మన ఇంట్లో రాజా అని ఓ కుక్క ఉండేది. అయిదేళ్ళదాకా ఆసుపత్రి గడప ఎక్కలేదు. అదే దాని ఆరోగ్యానికి గుర్తనుకున్నాను. ఓ వేసవిలో తిండి తగ్గించింది. ఎండలకేమో అనుకున్నాను. చెవుల వెనక పిడుదులు కనిపిస్తే ఏరి పారేశాను. వారం తిరక్కుండా ముక్కులోంచి నెత్తురు కారింది. పరుగున తీసుకెళితే డాక్టరు పెదవి పైకెత్తి చూపించారు. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. పిడుదుల జ్వరం. పిడుదు కుట్టినప్పుడు ఎర్లీషియా అనే సూక్ష్మజీవి ఒంట్లో చేరుతుంది. పైకేమీ కనబడకుండా నెలల తరబడి దాగి ఉండగలదు. ఈలోగా నెత్తురు గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు తగ్గిపోతుంటాయి. ముందే పట్టుకుంటే మాత్రలకు లొంగే జబ్బు. రాజా మాకు దక్కలేదు. అది చెప్పలేదు, నేను అడగలేదు తల్లీ. ఏడాదికోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడమంటే, నోరులేని దాన్ని "ఎలా ఉన్నావు?" అని అడగడమే.

కొన్నిటికి మాత్రం క్యాలెండరు చూస్తూ కూర్చోకూడదు. పిల్లకు వాంతులు, నెత్తురు విరేచనాలు అయినా, ఊపిరి ఆడకపోయినా, మూర్ఛ వచ్చినా, మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోయినా అప్పటికప్పుడే బయల్దేరాలి. మన మాత్రలు వేయొద్దు. మనకు జ్వరం తగ్గించే పారాసెటమాల్‌ను పిల్లి కాలేయం విరిచేయలేదు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. తాకి చూసి జ్వరమనుకోవద్దు కూడా. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒళ్ళే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది.

మీ నానమ్మ పాల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ రాసే గోడ క్యాలెండరు ఉందే, అందులోనే దీని తేదీలూ రాసిపెట్టు. రేపటి గడిలో మొదటి టీకా.

అరె, నిద్రపోయింది చూడు. పొట్టమీద చెయ్యి ఆనించకు, లేస్తుంది. పొట్ట ఓసారి పైకి లేచి దిగితే ఒక ఊపిరి. పెద్ద కుక్కకు నిద్రలో నిమిషానికి 30 లోపే ఉంటుంది, పిల్లలకు కాస్త ఎక్కువ ఉండొచ్చు. నేను గడియారం చూస్తాను, నువ్వు లెక్కపెట్టు. వచ్చిన అంకె కూడా అక్కడే రాద్దాం. బాగున్నప్పుడు ఎంతో తెలిస్తేనే కదా, బాగాలేని రోజున తేడా తెలిసేది.