సిగరెట్ మానాలా? ముందు మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి

"రేపటి నుంచి సిగరెట్ బంద్" అని మీరు ఎన్నిసార్లు అనుకుని ఉంటారు? ఆ రేపు వస్తుంది, సాయంత్రం టీ కొట్టు దగ్గర ఫ్రెండ్ ఒకటి వెలిగిస్తాడు, అంతే సంగతులు. "నాకు విల్ పవర్ లేదు" అని తేల్చేసుకుంటారు. నేను చెప్పేదేంటంటే, ఇది విల్ పవర్ గొడవ ఒక్కటే కాదు. మీరు ఉన్నది ఒక మెట్టు మీద, చేస్తున్నది ఇంకో మెట్టు పని. అక్కడే తేడా కొడుతుంది.

జేమ్స్ ప్రోచాస్కా, కార్లో డిక్లెమెంటే అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు సిగరెట్ మానేవాళ్లని గమనించి 1983లో ఒక పేపర్ ప్రచురించారు. మానడం ఒక్క రోజు పని కాదు, మెట్లు మెట్లుగా జరుగుతుంది అన్నారు. ఇప్పుడు ఐదు మెట్లుగా చెప్తారు.

ఒకటి: మానాలన్న ఆలోచనే లేదు.
రెండు: మానాలనీ ఉంది, వదలాలనీ లేదు. ఊగిసలాట.
మూడు: నెలలోపు మానేద్దామని సిద్ధపడటం.
నాలుగు: మానేశారు, ఇంకా ఆరు నెలలు కాలేదు.
ఐదు: ఆరు నెలలు దాటింది, నిలబెట్టుకుంటున్నారు.

మా మామయ్య సంగతి చెప్తాను. ఇంట్లో అందరూ ఆయనకి క్యాన్సర్ వీడియోలు ఫార్వర్డ్ చేసేవాళ్లు. ఆయన ఉన్నది మొదటి మెట్టు మీద. అందుకని వీడియోలు చూడటం మానేశాడు, సిగరెట్ మానలేదు! ఒకరోజు నేను, "మామయ్యా, దీనిలో నీకు నచ్చనిది ఏమైనా ఉందా?" అని అడిగాను. కాసేపు ఆగి, "పొద్దున్నే వచ్చే ఈ దగ్గురా" అన్నాడు. ఆ రోజేమీ మానలేదు. కానీ ఆ మాట అన్నాడంటే రెండో మెట్టు ఎక్కినట్టే. అక్కడ లెక్చర్ పనిచేయదు, ప్రశ్న పనిచేస్తుంది.

మూడో మెట్టులో ఉన్నవాళ్లు తేదీ పెట్టుకోండి. ఇంట్లో లైటర్, యాష్‌ట్రే తీసేయండి. టీ టైమ్‌కి ఎక్కడ ఉంటారో ముందే అనుకోండి.

నాలుగో మెట్టే అసలు పరీక్ష. నికోటిన్ లేక వచ్చే చిరాకు మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉంటుంది, తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతుంది. తాగాలనే కోరిక వచ్చినప్పుడు అది మామూలుగా కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగండి, నడవండి, ఎవరికైనా ఫోన్ చేయండి. ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, కాల్ ఉచితం. సిగరెట్ ప్యాకెట్ మీదే ఉంటుంది ఆ నంబర్.

"21 రోజుల్లో అలవాటు మారుతుంది" అనే రీల్ చూసి 22వ రోజు బెంగపడకండి. కొత్త అలవాటు కుదరడం మీద లండన్‌లో 96 మందితో చేసిన ఒక స్టడీలో మధ్యస్థంగా 66 రోజులు అని తేలింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా లెక్క వచ్చింది.

మధ్యలో ఒకటి తాగేస్తే? వైకుంఠపాళిలో పెద్ద పాము మింగి మొదటి గడిలో పడేసినట్టు ఫీలవుతారు. అలా కాదు. ఎక్కడ, ఎవరితో, ఏ టైమ్‌లో జారామో ఇప్పుడు తెలిసింది కదా? మళ్లీ మూడో మెట్టు నుంచి ఎక్కండి. చాలామంది ఒకటికి నాలుగు ప్రయత్నాల తర్వాతే బయటపడతారు.

కాబట్టి "ఎందుకు మానలేకపోతున్నాను" అని కాదు, "ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాను" అని అడుగుకోండి. మీ ఇంట్లో ఎవరైనా తాగుతుంటే, ఈసారి భయపెట్టే వీడియో కాకుండా ఒక ప్రశ్న అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.