ఘాటురోడ్డు బస్సులో గాలి నిలువ

తిరుమల నుండి దిగు బస్సు మలుపు మలుపునను బుస్సుమని చప్పుడు చేయుట యాత్రికు లందరును విన్నదే. డ్రైవరు బ్రేకు మీది కాలు తీయగా, పని ముగిసిన గాలి బయటకు పోవు చప్పుడది. ఆ గాలి యెక్కడిది? అది అయిపోయినచో బండి గతి యేమి? ఈ ప్రశ్నలు మా శ్రోతలలో పలువురకు తోచియుండును.

బస్సు తన గాలిని తానే చేసికొనును. ఇంజనును ఆనుకొని కంప్రెసరు అను చిన్న యంత్ర ముండును. సైకిలు పంపునకు ఇది పెద్దన్న. ఇంజను తిరుగుచుండగా దీని పిస్టను ఆడి, బయటి గాలిని పీల్చి, అదిమి, బండి అడుగున గల ఇనుప ట్యాంకులలోనికి నెట్టును. అచట ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 7, 8 కిలోగ్రాములు; అనగా కారు టైరులోని గాలికి మూడు నాలుగు రెట్లు. ట్యాంకులు నిండగానే గవర్నరు అను కవాటము కంప్రెసరునకు విశ్రాంతి నిచ్చును. ఒత్తిడి తగ్గిన వెంటనే మరల పనిలో పెట్టును.

డ్రైవరు పాదము చేయు పని, ఈ నిలువ గాలికి దారి విడుచుటయే. 6 కిలోగ్రాముల ఒత్తిడి గల గాలి, 150 చదరపు సెంటీమీటర్ల రబ్బరు పొరపై పనిచేసినచో 900 కిలోగ్రాముల బలము పుట్టును. ఏ మనిషి కాలికి అంత సత్తువ గలదు?

ఇక గాలి పోయినచో? 1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ రైళ్లకు గాలి బ్రేకు కల్పించినపుడు, గాలితోపాటు బ్రేకును పోయెడిది. 1872లో ఆయనయే ఆ పద్ధతిని తలక్రిందులు చేసి, గొట్టము తెగినచో బ్రేకు తనంతట పడునట్లు మార్చెను. నేటి పెద్ద బస్సులలోను ఇదే న్యాయము. వెనుక చక్రముల కడ బలమైన స్ప్రింగులను గాలి అణచి పట్టియుండును. గాలి తరిగినచో అవి విచ్చుకొని చక్రములను బిగించును. అంతకు ముందే ఎర్రదీపము వెలిగి హెచ్చరించును.

అట్లని నిశ్చింతగా ఉండరాదు. 1974లో రెండవ ఘాటురోడ్డు ఏర్పడిన పిదప, 1944 నాటి మొదటి దారి దిగుటకు వినియోగింపబడుచున్నది. ఆ వంకరల వెంట బ్రేకును మాటిమాటికి తొక్కినచో ప్రతి తొక్కుడునకు కొంత గాలి ఖర్చు. గేరు తప్పించి బండిని జార విడిచినచో ఇంజను మందగించును, కంప్రెసరును మందగించును. ఆదాయము తగ్గి వ్యయము పెరిగిన సంసార మగును. పైగా బ్రేకులు కాగి పట్టు కోల్పోవును. ట్యాంకులో ఎంత గాలి యున్నను కాగిన బ్రేకును అది బాగుచేయలేదు. తక్కువ గేరులో దిగినచో ఇంజనే బండిని పట్టి ఆపుచుండును, కంప్రెసరును చురుకుగా తిరుగును. పొదుపు పేరిట ఇంజను ఆపి దిగుట వంటి తెలివితక్కువ మరియొకటి లేదని మా అభిప్రాయము.

అదిమిన గాలి వేడెక్కును. ట్యాంకులో చల్లబడి నీరు విడుచును. ఆ నీరు నిలిచిన మేరకు గాలికి చోటు తగ్గును, ఇనుము త్రుప్పు పట్టును. కావున గాలిలోని తడి పీల్చు పరికర మున్నను, ట్యాంకు అడుగు మరను అప్పుడప్పుడు విప్పి చూడవలెను.

మొగిలి ఘాటు మీదుగా చిత్తూరునకు దిగు లారీల వారును, జీపుల వారును టైర్లకు గాలి కొట్టుకొనుటకై సొంతముగా ఏర్పాట్లు చేసికొనుట కలదు. బ్యాటరీతో నడచు చిన్న కంప్రెసరు చాలును. కాని అది త్వరగా కాగును, నడుమ నడుమ ఆపవలెను. దాని తీగకు ఫ్యూజు, ట్యాంకునకు ఒత్తిడి మితిమీరినపుడు తెరచుకొను కవాటము తప్పనిసరి. పాత డబ్బాలను అతికించి ట్యాంకు చేసినచో అది బాంబుతో సమానము. బ్రేకు ట్యాంకు నుండి నేరుగా గొట్టము తీయరాదు. ఒత్తిడి ఒక మేరకు దిగగానే మూసికొని, బ్రేకుల వంతు గాలిని కాపాడు కవాటము నడుమ నుండవలెను.

2022 సెప్టెంబరులో తిరుమల దారికి విద్యుత్తు బస్సులు వచ్చినవి. వీనిలో ఇంజను లేదు. దిగునపుడు మోటారే బండిని నిలువరించుచు బ్యాటరీకి కొంత విద్యుత్తు తిరిగి యిచ్చును. అయినను గాలి బ్రేకులు పోలేదు. కంప్రెసరును వేరొక చిన్న మోటారు త్రిప్పుచున్నది.